వేసవి తాపం – కంప్యూటరు సంరక్షణ

భౌతికశాస్త్ర శాఖవారు వ్రాయవలసిన వ్యాసాన్ని తెలుగు శాఖకు చెందిన మేము వ్రాయ పూనుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. ప్రబంధాలూ ఛందస్సూ బోధించుకొనేవారికి యంత్రాల ఊసెందుకని అడిగే మిత్రులు లేకపోలేదు. అయితే గడచిన మే నెలలో మన కళాశాల కంప్యూటరు గదిలో జరిగిన సంగతిని కళ్ళారా చూచినవారం గనుకనూ, ఆ తరువాత నెల రోజులపాటు తెలిసినవారిని అడిగీ, పుస్తకాలు చదివీ, స్వయంగా మరమేకులు విప్పీ కొంత తెలుసుకొన్నవారం గనుకనూ, ఆ తెలిసినదానిని విద్యార్థులతోనూ కమిటీ పెద్దలతోనూ పంచుకొనుట ఉచితమని తలచినాము.

ఆనాటి సంగతి చాలామందికి తెలియదు. డిగ్రీ ప్రవేశాల దరఖాస్తులకు అది చివరిరోజు. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు మన కళాశాలకు వచ్చి దరఖాస్తులు నింపుకొనే ఏర్పాటు ఉన్నది. బండిమీద పండ్లు అమ్ముకొనే తండ్రిని వెంటబెట్టుకొని వచ్చిన ఒక అమ్మాయి మధ్యాహ్నం రెండున్నరకు కూర్చున్నది. సగం నింపేసరికి యంత్రం టక్కున ఆగిపోయినది. మరల మొదలుపెట్టింది. మరల ఆగినది. పక్క యంత్రానికి మార్చినాము, అదీ అంతే. పన్నెండు యంత్రాలలో ఆ పూట సవ్యంగా నడిచినవి ఐదు మాత్రమే. ఆ అమ్మాయి దరఖాస్తు చివరకు బజారులోని ఒక ఇంటర్నెట్టు దుకాణంలో పూర్తి అయినది. ఆమె వెనుక వరుసలో ఉన్న మరి ఇద్దరికి మాత్రం గడువు దాటిపోయినది. రెండవ విడతలో వారికి సీట్లు దొరికినవి గాని, కోరుకొన్న కోర్సులో కాదు.

మరునాడు వచ్చిన మెకానిక్ ఒకరు ఏడు యంత్రాలకు మదర్‌బోర్డులు పాడైనవని తేల్చి ఒక అంచనా వ్రాసి ఇచ్చినారు. ఆ మొత్తం మన గ్రంథాలయానికి ఏడాదికి కేటాయించే సొమ్ముకన్నా ఎక్కువ. కమిటీవారు ఆలోచిస్తామన్నారు. ఇంతలో భౌతికశాస్త్ర శాఖలోని మా మిత్రులొకరు, ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న, మనమందరమూ చాచా అని పిలుచుకొనే పెద్దాయన, మేము కలసి ఒక యంత్రం పక్క రేకు విప్పి చూచినాము. లోపల ఫ్యానుకూ రేకులకూ మధ్య దుమ్ము దుప్పటివలె పరచుకొని ఉన్నది. చాచా దానిని రెండు వేళ్ళతో పట్టి లాగితే చిన్న గుడ్డముక్కలాగా ఊడి వచ్చినది. “సార్, దీనికి రోగం లేదు, ఊపిరాడలేదు, అంతే” అన్నారాయన. ఆ మాట ఎంత యథార్థమో తరువాత గాని మాకు బోధపడలేదు.

ముందుగా పేరు విషయం. మన విద్యార్థులు బల్లకింద ఉండే డబ్బానంతటినీ సి.పి.యు. అంటారు. నిజమైన సి.పి.యు., అనగా ప్రాసెసరు, ఆ డబ్బాలో ఎక్కడో దాగి ఉన్న చిన్న బిళ్ళ. ఆ బిళ్ళలోనూ అసలు పని జరిగే సిలికాన్ ముక్క మన బొటనవ్రేలి గోరంత ఉంటుంది. అందులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఇమిడి ఉన్నవి. అవి క్షణక్షణమూ తెరుచుకొంటూ మూసుకొంటూ లెక్కలు చేస్తవి. ఈ తెరచి మూయుటకు విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తు చివరకు ఏమవుతున్నది? మిక్సీ అయితే పప్పు రుబ్బుతుంది, దీపమైతే వెలుగునిస్తుంది. ప్రాసెసరు బరువేమీ ఎత్తదు, వెలుగూ ఇయ్యదు. అది పుచ్చుకొన్న విద్యుత్తు దాదాపు యావత్తూ వేడిగా మారిపోతున్నది. సాధారణమైన బల్ల కంప్యూటరులోని ప్రాసెసరు 65 వాట్ల తరగతికి చెందినదనుకొందాము. అరవై అయిదు వాట్లు పెద్ద లెక్కా అని అనిపించవచ్చును. కాని ఆ వేడి పుట్టే చోటు ఒకటి రెండు చదరపు సెంటీమీటర్లు మాత్రమే. మన ఇంటి ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లది, దాని అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అనగా చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ప్రాసెసరులో అదే లెక్క వేస్తే 30 నుండి 60 వాట్లు వస్తున్నది. ఇస్త్రీపెట్టెకన్నా ఎన్నో రెట్లు చిక్కని వేడి ఆ గోరంత ముక్కలో నిరంతరమూ పుడుతున్నదని గ్రహిస్తే, దానిని బయటికి పంపుట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ బెడద కొత్తది కాదు. 1946లో అమెరికాలో ప్రపంచానికి చూపిన ఎనియాక్ అనే కంప్యూటరులో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. అది 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగి ఆ మేరకు వేడిని కక్కేది. దాని కోసం పెద్ద గాలి ఫ్యానులను అమర్చవలసి వచ్చినది. 1976 నాటి క్రే-1 అనే మహాయంత్రాన్ని మన రిఫ్రిజిరేటరులో వాడిన ఫ్రియాన్‌తో చల్లబరిచినారు. 1980 ప్రాంతపు చిన్న కంప్యూటర్లలో ప్రాసెసరుకు ప్రత్యేకంగా ఫ్యాను ఉండేది కాదు. 1990ల తరువాతనే అది తప్పనిసరి అయినది. 2004లో ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్‌జ్ వేగంతో పెంటియమ్ 4ను తేవాలనుకొని, వెనక్కు తగ్గినది. వేగం పెంచుకొంటూ పోతే వేడి పెనుభూతమవుతుందని ఆ సంవత్సరంతో లోకానికి తెలిసివచ్చినది. ఒకే చోట వేగం పెంచుటకు బదులు ఒకే బిళ్ళలో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టే పద్ధతి ఊపందుకొనుటకు ఇదొక ముఖ్య కారణం.

ఇక ఆ వేడి ఏ దారిన బయటికి పోతున్నదో చూతము. ప్రాసెసరు మీద అల్యూమినియంతోగాని రాగితోగాని చేసిన రేకుల దిమ్మె ఒకటి కూర్చుని ఉంటుంది. దానిని హీట్ సింక్ అంటారు. లోహం వేడిని త్వరగా లాగుకొంటుంది. పలుచని రేకులుగా విడిపోయి ఉండుటచేత గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది. ఆ రేకుల మీదుగా ఫ్యాను గాలిని తోలుతుంది. వెచ్చబడిన గాలిని డబ్బా వెనుకనున్న మరొక ఫ్యాను గదిలోకి నెట్టుతుంది. చిప్పనుండి లోహానికి, లోహంనుండి గాలికి, గాలినుండి గదికి, గదినుండి ఆరుబయటికి: ఇది నాలుగు మజిలీల ప్రయాణం. ఏ మజిలీలో దారి మూసుకొన్నా వెనుకనున్నదంతా వేడెక్కుతుంది.

మొదటి మజిలీలో ఒక విశేషమున్నది. ప్రాసెసరు పైభాగమూ దిమ్మె అడుగూ కంటికి అద్దాలవలె నున్నగా కనిపించినా, నిజానికి గరుకుగానే ఉంటవి. రెంటినీ ఆనించినపుడు మధ్య సన్నని ఖాళీలు మిగిలి, వాటిలో గాలి చేరుతుంది. గాలి వేడిని మోయుటలో రాగికన్నా సుమారు పదిహేను వేల రెట్లు అసమర్థం. కనుకనే ఆ ఖాళీలను పూడ్చుటకు థర్మల్ పేస్టు అనే బూడిదరంగు లేపనాన్ని పూస్తారు. ఏళ్ళు గడచిన కొద్దీ అది ఎండి బీటలు వారుతుంది. నాలుగైదేళ్ళు పైబడిన యంత్రాలకు దిమ్మె ఎత్తి, పాత లేపనాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడిచి, కందిగింజంత కొత్త లేపనం పెట్టి మరల బిగించవలెను. కొందరు పచ్చడి పూసినట్లు దట్టంగా పూస్తారు. అది పొరబాటు. లోహంతో పోల్చితే ఆ లేపనమూ మందకొడి వాహకమే. ఖాళీలు నిండితే చాలును.

మాకు అన్నిటికన్నా ఉపకరించిన విషయం ఒక చిన్న కూడిక. మా భౌతికశాస్త్ర మిత్రులు నల్లబల్లపై వ్రాసి చూపినారు. ఒకే పని చేస్తున్న ప్రాసెసరు వేడి, గది వేడికన్నా ఇంచుమించు స్థిరమైన అంతరంలో పైన ఉంటుంది. ఆ అంతరం 40 డిగ్రీలనుకొందాము. డిసెంబరులో గది 25 డిగ్రీలుంటే ప్రాసెసరు 65 డిగ్రీలు. మే నెలలో గది 41 డిగ్రీలుంటే ప్రాసెసరు 81. నేటి ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95, 100 డిగ్రీల ప్రాంతం గనుక ఇంతవరకు భయం లేదు. ఇప్పుడు రేకుల మధ్య దుమ్ము నిండి ఆ అంతరం 60 అయినదనుకొనండి. డిసెంబరులో 85, యంత్రం మూలుగుతూనైనా నడుస్తుంది, ఎవరూ గమనించరు. మే నెలలో 101. హద్దు దాటినది. దుమ్ము సంవత్సరమంతా పేరుకొంటున్నది, ఫలితం మాత్రం రోహిణి కార్తెలో బయటపడుతున్నది! తప్పు ఎండదని మనమనుకొంటాము. మన ఏడు యంత్రాల సంగతి సరిగా ఇదే. నివురుగప్పిన నిప్పు అనే మాటను మేము తరగతిలో ఎన్నో మారులు వివరించి ఉంటాము. నివురే నిప్పును పెంచుట మాత్రం ఇక్కడనే చూచినాము.

హద్దుకు చేరిన ప్రాసెసరు వెంటనే కాలిపోదు. అందులోనే ఉన్న ఉష్ణమాపకం హెచ్చరించగా అది తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. మధ్యాహ్నం వేళ కంప్యూటరు నత్తనడక నడిచి, ఉదయం చురుకుగా ఉండుటకు తరచు కారణమిదే. వేగం తగ్గించుకొన్నా వేడి దిగకపోతే అప్పుడు తనను తాను ఆపుకొంటుంది. అనగా ఆ ఆగిపోవుట రోగం కాదు, ఆత్మరక్షణ. అది తెలియక మరల మరల మీట నొక్కి మొదలుపెట్టుటవలన ప్రయోజనం లేదు. పావుగంట ఆగి, వీలైతే వేడి కొలిచి చూడవలెను. యంత్రం మొదలయ్యేటపుడు డిలీట్ మీటగాని ఎఫ్2 మీటగాని నొక్కితే చాలా యంత్రాలలో ప్రాసెసరు వేడి, ఫ్యాను వేగం తెరమీద కనిపిస్తవి. ఫ్యాను వేగం సున్నా అని ఉంటే ఫ్యాను తిరుగుట లేదన్నమాట. దానిని మార్చుటకు పెద్ద ఖర్చు కాదు.

ప్రాసెసరుకు ఈ రక్షణ ఉన్నది గాని, అన్ని భాగాలకూ లేదు. మదర్‌బోర్డు మీదా, కరెంటు సరఫరా డబ్బాలోనూ ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపల ఒక ద్రవముంటుంది. వేడికి అది క్రమంగా ఆవిరైపోతుంది. పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయువు సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్ల వాడుకలెక్క. తల ఉబ్బిన కెపాసిటరు కనిపించినదంటే ఆ బోర్డు కాలం దగ్గరపడినదన్నమాట. హార్డ్ డిస్కుల విషయంలో మాత్రం మనమనుకొన్నంత సూటి సంబంధం లేదు. 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి, ఓ మోస్తరు వేడి డిస్కులను చెడగొట్టుటలేదనీ, మరీ ఎక్కువ వేడిలోనూ, పాతబడిన డిస్కులలోనూ మాత్రమే దాని ప్రభావం కనిపించినదనీ ప్రకటించినారు. కాబట్టి డిస్కు వెచ్చగా ఉన్నదని బెంగపెట్టుకోనక్కరలేదు. అది ఏ కాలంలోనైనా చెడవచ్చును గనుక ముఖ్యమైన పత్రాలకు వేరొకచోట నకలు ఉంచుకొనుటే దానికి మందు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ఆ మే నెలలోనే ఒక విద్యార్థి, పాపం మంచి ఉద్దేశంతోనే, తడి తువ్వాలు తెచ్చి నడుస్తున్న యంత్రం మీద కప్పినాడు. కుండలో నీళ్ళు చల్లబడుతున్నవి కదా అని అతని వాదం. కుండ చల్లబడుట నిజమే. మట్టిగోడలోని సన్నని రంధ్రాలగుండా నీరు చెమ్మగిల్లి, ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని తీసుకొనిపోతుంది. అందుచేత కుండలోని నీరు గదికన్నా చల్లగా ఉంటుంది. ఫ్యాను కింద మనకు హాయిగా ఉండుటకూ కారణం మన చెమట ఆరుటే. కంప్యూటరుకు చెమట లేదు. అది కుండ కాదు, రాగిబిందె. ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా దానిని గది వేడికన్నా దిగువకు తేలేము. గదికి దగ్గరగా మాత్రమే తేగలము. తడి గుడ్డ వేస్తే గాలిరంధ్రాలు మూసుకొనుట ఒకటి, నీటిచుక్క లోపల పడితే విద్యుద్ఘాతం మరొకటి. ఆ తువ్వాలును మేము అప్పుడే తీయించినాము. ఇందులో ఒక చమత్కారమున్నది. నలభై డిగ్రీలు దాటిన గాలిలో ఫ్యాను మనిషికి మేలుకన్నా కీడే చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కంప్యూటరుకు మాత్రం నలభై నాలుగు డిగ్రీల గాలి అయినా పనికివస్తుంది, ఎందుకనగా దాని ఒళ్ళు అంతకన్నా ఎంతో వేడిగా ఉన్నది. ఆ ఎండలో మధ్యాహ్నమంతా కూర్చున్న పిల్లల మాట వేరే ఆలోచించవలెను.

అందరూ అడిగేది శుభ్రం చేయు విధానం గనుక దానిని కొంచెం వివరంగానే వ్రాస్తాము. మొదట యంత్రాన్ని ఆపి, తీగను గోడ సాకెట్టునుండి ఊడదీయవలెను. తరువాత మొదలుపెట్టే మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టితే లోపల మిగిలిన విద్యుత్తు ఖర్చయిపోతుంది. డబ్బాను ఆరుబయటికి, నీడపట్టుకు తీసుకొనిపోవలెను. గదిలోనే ఊదితే ఆ దుమ్ము పక్క యంత్రంలో చేరుతుంది. లోపల చెయ్యి పెట్టేముందు డబ్బా ఇనుమును ఒకసారి ముట్టుకొనవలెను, మన ఒంట్లోని స్థిరవిద్యుత్తు చిప్పులకు హానికరం. మెత్తని పెయింటు బ్రష్షుతో రేకుల మధ్య దుమ్మును కదిలించి, బ్లోయరుతో కొంచెం దూరంనుండి ఊదవలెను. ఊదేటపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో ఆపి పట్టుకొనుట మరువరాదు. గాలికి అది అతివేగంగా తిరిగితే దాని బేరింగు అరుగుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ యంత్రం గొట్టాన్ని లోపలకు పెట్టరాదు, అది స్థిరవిద్యుత్తును పుట్టిస్తుంది. తడి గుడ్డ లోపల వాడరాదు. కరెంటు సరఫరా డబ్బాను ఎట్టి పరిస్థితులలోనూ విప్పరాదు; తీగ ఊడదీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలువ ఉండవచ్చును. దానిని బయటి జల్లెడనుండి ఊదితే చాలును.

ఈ విధంగా మేము ముగ్గురం రెండు రోజులలో పన్నెండు యంత్రాలనూ శుభ్రం చేసినాము. మూడింటికి లేపనం మార్చినాము, రెండింటికి ఫ్యానులు మార్చినాము. మదర్‌బోర్డులు పోయినవని వ్రాసిన ఏడింటిలో ఆరు ఆ సాయంత్రమే ఆగకుండా నడిచినవి. ఏడవదానికి నిజంగానే బోర్డు పోయినది. కెపాసిటర్లు నాలుగు ఉబ్బి ఉన్నవి. బ్రష్షులు, లేపనం, రెండు ఫ్యానులు కలిపి అయిన ఖర్చు రసీదుతోసహా కార్యాలయంలో దాఖలు చేసినాము.

యంత్రాన్ని ఉంచే చోటు గురించి కూడా కొంత చెప్పవలెను. మన బల్లలకు కింద మూడువైపులా మూసిన చెక్క అరలున్నవి. చూచుటకు ముచ్చటగా ఉంటవి గాని, వెనుక ఫ్యాను వదిలిన వేడిగాలి అరలోనే సుడి తిరిగి ముందునుండి మరల లోపలికే పోతున్నది. వడ్డించినవాడే తిన్నట్లుగా ఉన్నది వరస. ఆ అరల వెనుక పలకలను తీయించితే చాలును. గోడకూ యంత్రానికీ మధ్య జానెడు ఖాళీ ఉండవలెను. నేలమీద నేరుగా పెట్టరాదు, ఊడ్చినపుడు లేచే దుమ్మంతా దానిలోకే పోతుంది. మన విద్యార్థినులు అందంగా కుట్టి ఇచ్చిన పూలగుడ్డ కవర్లు రాత్రివేళ కప్పుటకు మంచివే. నడిచేటపుడు పూర్తిగా తీయవలెను, వెనుకకు మడిచి వదలరాదు. పక్క రేకు విప్పి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుట కొందరి అలవాటు. గడువు తరుముకొస్తున్న రోజున అది ఆదుకొంటుంది. అలవాటుగా చేస్తే దుమ్ము మూడింతలు చేరుతుంది.

పైసా ఖర్చులేని ఉపాయం ఒకటి మా మిత్రులు నేర్పినారు. విండోసులోని పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసరు గరిష్ఠ స్థాయి అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా 100 శాతం. దానిని 99కి దించితే చాలా యంత్రాలలో ప్రాసెసరు అప్పుడప్పుడు తీసుకొనే అదనపు పరుగు ఆగిపోతుంది. 80కి దించితే వేడి ఇంకా తగ్గుతుంది. దరఖాస్తులు నింపుటకు, ఉత్తరాలు టైపు చేయుటకు ఆ వేగం చాలును. తెరమీద ఇరవై కిటికీలు తెరచి ఉంచుట, ఒకవైపు సినిమా పాట నడుపుట, ఇవన్నీ ప్రాసెసరుకు పనులే, కనుక వేడే. ఈ మాటను ఎవరిని ఉద్దేశించి వ్రాసినామో వారికి తెలుసు.

చివరకు గది. కమిటీ పెద్దలు ఈ భాగాన్ని శ్రద్ధగా చదువవలెనని మా విన్నపం. కంప్యూటరు గదికి ఒక టన్ను ఎయిర్ కండిషనరు కొనవలెనని ఒక ప్రతిపాదన ఉన్నది. దాని లెక్క చూతము. తెరతోసహా ఒక్కొక్క యంత్రం సుమారు 100 వాట్ల వేడి వదులుతుందనుకొంటే పన్నెండింటికి 1,200 వాట్లు. కూర్చున్న మనిషి ఒంటినుండి కూడా సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. యంత్రానికి ఇద్దరు చొప్పున ఇరవై నలుగురు పిల్లలు కూర్చుంటే 2,400 వాట్లు. మొత్తం 3,600. ఒక టన్ను ఎయిర్ కండిషనరు తోడివేయగలిగినది సుమారు 3,500 వాట్లు. అనగా యంత్రాలకూ పిల్లలకే అది సరిపోదు. ఇక ఆ గది పైఅంతస్తులో, పడమటి కిటికీలతో, కాంక్రీటు పైకప్పు కింద ఉన్నది. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో మే నెలలో 42, 43 డిగ్రీల ఎండ మనకు మామూలు. ఉదయంనుండి ఆ ఎండను తాగిన కాంక్రీటు సాయంత్రం వరకు దానిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఆ వేడి ఈ లెక్కలో చేరనేలేదు. పైగా కరెంటు పోయినపుడు మూసిన కిటికీల గదిలో ఏమవుతుందో ఊహించుకొనవచ్చును.

నీళ్ళ కూలరు సంగతి కొందరు అడిగినారు. మన రాయలసీమ గాలి వేసవిలో పొడిగా ఉంటుంది గనుక కూలరు ఇక్కడ బాగానే పనిచేస్తుంది. అదే సముద్రతీరంలో, గాలిలోనే తేమ నిండి ఉన్నచోట, దానివలన ఉక్కపోత తప్ప లాభం లేదు. పెట్టదలచితే ఒకవైపు కిటికీ తెరచి ఉంచవలెను, గాలి నేరుగా యంత్రాల మీదికి తుంపరలతో రాకుండా చూచుకొనవలెను. గదిలో మనుషులున్నారు గనుక అదీ ఆలోచించదగినదే.

కాని అంతకన్నా తేలిక మార్గముండగా ఇంత దూరం ఎందుకు పోవలెను? మన పెద్దలకు ఈ విద్య తెలుసు. చౌడుమట్టి కప్పిన మిద్దెల కింద, నాపరాతి బండల మీద, మధ్యాహ్నం పడుకొన్నవారికి ఆ చల్లదనం గుర్తుండే ఉంటుంది. ఇరాన్ దేశపు యజ్ద్ నగరంలో ఇళ్ళ మీద గాలిగోపురాలు నేటికీ నిలిచి ఉన్నవి. పైన వీచే గాలిని పట్టి గదులలోకి దించుటకు వాటిని కట్టినారు. మన హైదరాబాదు పేరే పెట్టుకొన్న సింధులోని హైదరాబాదు నగరంలోనూ పూర్వం ఇంటింటిపైనా అటువంటివే ఉండేవి. సున్నం పూసిన తెల్లని పైకప్పు ఎండను తిప్పికొడుతుందని మన తాతలు ఎరుగుదురు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించినది.

మన కళాశాల కింది అంతస్తులో, ఉత్తరం వైపున, పూర్వం ఉర్దూ పఠనాలయంగా ఉన్న గది విరిగిన బెంచీలతో నిండి మూసి ఉన్నది. గోడలు రెండడుగుల మందం. మే నెలలో ఒకే మధ్యాహ్నం మూడు గంటలకు మేము రెండు గదులలోనూ ఉష్ణమాపకం పెట్టి చూచినాము. పైగదిలో 41, కింది గదిలో 34. ఏ యంత్రమూ కొనకుండానే ఏడు డిగ్రీలు! పైన చెప్పిన కూడిక ప్రకారం ఆ ఏడు డిగ్రీలూ ప్రతి ప్రాసెసరుకూ నేరుగా తగ్గుతవి. విద్యుత్తు తీగలు కిందికి మార్చుటకు, బెంచీలను వేరొకచోటికి చేర్చుటకు, కిటికీలకు జల్లెడలు బిగించుటకు ఖర్చవుతుంది. ఉర్దూ శాఖ మిత్రులు తమ గదిలో ఒక మూల పుస్తకాల బీరువాలు ఉండనిచ్చేటట్లయితే అభ్యంతరం లేదన్నారు. ఎయిర్ కండిషనరు ధరతో ఈ ఖర్చును పోల్చిన కాగితాన్ని వ్యాసంతోపాటే కార్యదర్శిగారికి సమర్పించినాము. ఒకవేళ గది మార్చుట ఈ సంవత్సరానికి వీలుకాకపోతే, కనీసం పైకప్పుకు మార్చిలోగా రెండు పూతల సున్నం వేయించవలెననీ, పడమటి కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టించవలెననీ, ప్రవేశాల రోజులలో గదిని ఉదయం ఏడు గంటలకే తెరిపించవలెననీ కోరుతున్నాము.

ఫిబ్రవరి చివరి శనివారం ఉదయం ఎనిమిది గంటలకు యంత్రాలన్నిటినీ వేపచెట్టు కిందికి దించి శుభ్రం చేయదలచినాము. చాచా దగ్గరుండి చూపిస్తారు. ఇష్టమున్న విద్యార్థులు ముందురోజే తెలుగు శాఖలో పేర్లు ఇయ్యవలెను. మెత్తని పెయింటు బ్రష్షు ఒకటి, ముక్కుకు కట్టుకొనుటకు రుమాలు ఒకటి ఎవరిది వారే తెచ్చుకొనవలెను. ఉబ్బసమున్నవారు రావద్దు.